రాణిగారి ముఖానికి వకాల్తా

హెస్టర్ టాప్సెల్‌కి ఒక్కటే జబ్బు. చచ్చిపోయి నాలుగున్నర శతాబ్దాలైన ఆన్ రాణిని ఎవరైనా అందగత్తె కాదంటే, వాళ్ళను గది దాటనిచ్చేది కాదు.

సఫోక్‌లో జనం చూడ్డానికి వచ్చే పాతకాలపు ఆష్‌కోట్ భవనంలో ఆవిడ జీతం పుచ్చుకోని కాపలాదారు. ఆవిడ కాచే మేడమీది గదిలో ఆన్ రాణి చిత్తరువుకి నకలొకటి ఉంది. ఎనిమిదో హెన్రీ రాజు ఆ బొమ్మ చూసి మురిసిపోయి, జర్మనీ నుంచి పిల్లను రప్పించుకుని, తీరా మనిషిని చూశాక మొహం చిట్లించుకున్నాడన్నది అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఆరు నెలలకల్లా ఆ పెళ్ళి చెల్లదనిపించాడు. అందుకని గుమ్మంలోకి వచ్చినవాళ్ళు నవ్వుతూ అనే మొదటి మాట, "ఓహో, ఆ వికారపు రాణి ఈవిడేనా?"

అంతే, హెస్టర్ గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"ఏం లోపం ఆ ముఖంలో? చూపించండి!"

"అబ్బే, అన్నది నేను కాదండీ. రాజుగారే..."

"రాజుగారా! కాలికి మానని పుండు, నడుము చూస్తే పీపా. ఆయనా ఆడవాళ్ళకి వంకలు పెట్టేది?"

జర్మనీ నుంచి వచ్చిన దంపతుల చేతులు పట్టుకుని దేశం తరఫున క్షమాపణ చెప్పింది. ఊరి చర్చి ఫాదర్ గారు "అందం దేవుడిచ్చేదమ్మా" అని జారుకోబోతే, "ఇచ్చాడా, లేదా? అది తేల్చి వెళ్ళండి" అని పట్టుకుంది. పాపం, కింద టీగదిలో ఆయన టీ చల్లారిపోయింది.

ఫిర్యాదులన్నీ మేనేజరు రోసలిండ్ నెత్తిమీద పడేవి. చివరికి భవనం ధర్మకర్తలు, "ఆవిడను కింద కోట్లు తగిలించే గదికి మార్చేయండి" అన్నారు. రోసలిండ్ ఆ మాట చెప్పడానికే మేడెక్కింది కానీ, అసలీ అభిమానం ఎక్కడిదన్న కుతూహలం ఆమెను ముందు పక్కగదిలో ఆపేసింది. అక్కడ ఎర్నెస్ట్ అనే ముసలాయన, ఎవరూ కూర్చోకుండా పాత కుర్చీల మీద ఎండు ముళ్ళకాయలు పెడుతున్నాడు.

"ఎర్నెస్ట్ గారూ, హెస్టర్‌కి ఈ పిచ్చి ఎప్పటినుంచి?"

"ఏప్రిల్ నుంచి. అంతకుముందు ఆ బొమ్మకేసి చూసేదే కాదు. ఇక్కడున్న బిషప్ గారి బొమ్మంటే ఇష్టం. అందులో పిల్లి ఉందిగా."

"నేనొచ్చింది ఏప్రిల్లోనే."

ఎర్నెస్ట్ వేలికి ముల్లు గుచ్చుకుంది. "అప్పట్లో టీగదిలో మనవాళ్ళు ఏదో అనుకునేవాళ్ళులెండి."

"నా గురించేనా? చెప్పండి, ఫరవాలేదు."

"మీ ఆయన మీ అందం నచ్చక వదిలేశాడట కదా అని. హెస్టర్ వింది. కప్పు ఠక్కున కింద పెట్టి పైకెళ్ళింది. మొదటి గొడవ ఆ పూటే. ఆ తర్వాత టీగదిలో ఆవిడ పిచ్చి తప్ప ఇంకో ముచ్చట లేదు."

రోసలిండ్‌కి ముందు సిగ్గేసింది. తర్వాత, ఇన్నాళ్ళూ ఆవిడను విసుక్కున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

హెస్టర్ గదిలో ఒంటరిగా ఉంది. "కోట్ల గదికే కదా, తల్లీ? వెళ్తాలే."

"నాకోసం మీరు పిచ్చిదనిపించుకోవడమేమిటండీ?"

"ఎర్నెస్ట్ వాగాడన్నమాట! వాళ్ళకి నమలడానికి ఏదో ఒకటి కావాలి. నేనైతే ముదురు మాంసం, వాళ్ళ పళ్ళే ఊడతాయి." హెస్టర్ బొమ్మకేసి తిరిగింది. "మొదట్లో నటనే. చదివేకొద్దీ ఈవిడ నాకు నచ్చేసింది. వదిలేశాడని ఏడుస్తూ కూర్చుందనుకున్నావా? ఆయన దగ్గర ఇళ్ళు పుచ్చుకుంది, పేకాడుకుంది, రోజుకో కొత్త గౌను తొడుక్కుందట. ఆయన పోయాక పదేళ్ళు బతికింది. సరే, పద. నీ సంగతి అందరూ మరిచిపోయారు, ఇక్కడ నా పని అయిపోయింది."

"మీరు కదలడానికి వీల్లేదు."

"మరి ధర్మకర్తలో?"

"రేపు వాళ్ళను ఈ గదికే తీసుకొస్తాను. ఈ ముఖంలో లోపమేమిటో వాళ్ళనే అడగండి."

హెస్టర్ కళ్ళు మెరిశాయి. "అందరినీనా?"

"ఒక్కొక్కరినీ."

హెస్టర్ వెళ్ళి గుమ్మంలో నిలబడి, ఎటూ సందు మిగలకుండా చేతులు చాపి చూసుకుంది.