అడగకుండా అమ్మిన నీళ్లు

పిన్ని పోయిందన్న కబురు నాకు బాబాయి చెప్పలేదు. వాళ్ల ఎదురింటి ఇటాలియన్ పెద్దావిడ చెప్పింది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ ఫ్రీవే మీద ఉన్నాను. కారు స్పీకర్లో ఆవిడ గొంతు వినగానే, పిన్ని ఫోను మళ్లీ పాడై ఆవిడ ఫోను నుంచి చేస్తోందనుకున్నాను. "మీ ఆంటీ నా తోటలో పడిపోయింది. అంబులెన్స్ వచ్చింది, కానీ అప్పటికే అయిపోయింది," అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. "మీ అంకుల్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. అందుకే నేను చేశాను," అంది.

"నా తోటలో" అని ఆవిడ అన్న మాట చాలాసేపు చెవుల్లోనే ఉంది. పిన్ని పరాయి తోటలో పనిచేస్తూ పోయింది. అది అలా ఎందుకు జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. ప్రకాశం జిల్లా కనిగిరి వైపు పుట్టి పెరిగింది. బాబాయి వ్యవసాయ శాస్త్రం చదువుకుని, ఆస్ట్రేలియాలోని మిల్డూరాలో ఒక ద్రాక్షతోటకు సూపర్‌వైజరుగా వచ్చాడు. కొన్నేళ్లకు, వయసు మీదపడి సేద్యం మానుకుంటున్న ఒక తెల్ల దంపతుల దగ్గర ఇద్దరూ కలిసి సొంతంగా తోట కొన్నారు. ఎండుద్రాక్ష కోసం పెంచే తోట అది. మిల్డూరాలో వానలు బాగా తక్కువ. ఎర్రమట్టి నేల. అక్కడ పచ్చగా ఏది కనిపించినా ముర్రే నది నీళ్లు పారినందువల్లే. పిన్నికి ఆ ఊరు మొదటి రోజే నచ్చిందట. "మా ఊరి మట్టే అమ్మాయ్. నీళ్లొక్కటే తేడా," అనేది.

నేను మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో సెలవులు ఇస్తే చాలు అక్కడికి పరిగెత్తేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. నాకా దేశంలో ఇంకెవరూ లేరు. పిన్ని నన్ను ఎప్పుడూ కూర్చోబెట్టి మర్యాదలు చేయలేదు. కారు దిగగానే చేతికి గ్లవుజులు ఇచ్చేది. తీగల వరసలకు మా బంధువుల పేర్లు పెట్టుకుంది. ఎంత చూసినా కాపు సరిగా ఇవ్వని వరస తన పెద్దాడపడుచుది. "ఈమెకు రెండు బకెట్లు ఎక్కువ పోసినా ముఖం మాడ్చుకునే ఉంటది," అని సీరియస్‌గా చెప్పేది. బాబాయి ట్రాక్టరు మీంచి విని పకపకా నవ్వేవాడు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. పైన రేకు, కింద అంతస్తులుగా ఇనుప వలలు కట్టిన పొడవాటి షెడ్లలో గుత్తులు పరిచి ఎండబెడతారు. అవి సగం ఎండినప్పుడు వాన వస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పడమర నల్లబడింది. షెడ్డు పక్కలకు గోనె తెరలు దించాలి. గాలికి తెర ఎగిరి బాబాయి ముఖానికి చుట్టుకుంది. పిన్ని చీర కొంగు నడుముకు దోపి వలల మీదికెక్కి, ఒక చేత్తో తెర పట్టుకుని, ఇంకో చేత్తో తాడు ఆయనకు అందించింది. "లాగండి, నన్ను చూడబాకండి, తాడు చూడండి," అని అరుస్తోంది. చివరి ముడి పడ్డాక కానీ వాన కురవలేదు. ఇద్దరూ షెడ్డులో తలకిందులు చేసిన ప్లాస్టిక్ పెట్టెల మీద కూర్చుని స్టీలు గ్లాసుల్లో టీ తాగారు. ఆమె అరికాల్లో ఇనుప తీగ దిగితే బాబాయి ఒళ్లో కాలు పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుంటూ తీశాడు. వాళ్లిద్దరినీ చూసి, పెళ్లంటే ఇదన్నమాట అనుకున్నాను.

ఏ వరస తీసేయాలి, కొత్తగా ఏ రకం పెట్టాలి, పాత ట్రాక్టరు ఇంకో ఏడాది లాగుతుందా అని వంటింటి బల్ల దగ్గర వాదించుకునేవాళ్లు. "పోట్లాటలన్నీ పగలే పడాలే. పొద్దుపోయాక పడితే మాటలు పెద్దవైపోతాయి," అనేది పిన్ని. ఆ ఇంట్లో నిర్ణయాలన్నీ ఇద్దరివీ అని నేను నమ్మాను. పిన్ని కూడా అలాగే నమ్మింది.

నాకు పెళ్లయి, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఇల్లు కొనుక్కుని, పాప పుట్టబోతున్నప్పుడు ఇండియా నుంచి అమ్మ రాలేకపోయింది. అది చలికాలం. తోటలో తీగలు కత్తిరించే రోజులు. ఏడాది మొత్తంలో పిన్ని ఇల్లు కదలని కాలమది. అలాంటిది బాబాయే ఆమెను స్వయంగా కారులో తీసుకొచ్చి దించాడు. "కత్తిరింపులకు మనుషుల్ని పెడతాలే. అమ్మాయికి నువ్వు కావాలి," అన్నాడు. ఆయన మంచితనానికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పిన్ని నా పాపకు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ వేయబోతే పొగ అలారం మోగింది, దాని కింద నిలబడి తువ్వాలుతో విసిరింది. రోజూ సాయంత్రం బాబాయికి ఫోను చేసేది. "కత్తిరింపులు ఎందాకొచ్చినయ్యి?" "అయిపోవచ్చినయ్యి." "మీ అక్క వరస పొట్టిగా కొట్టించండి." "కొట్టించా." తర్వాత నాకు ఫోనిమ్మని, "ఇంకో నెల ఉంచుకో అమ్మాయ్. ఇక్కడికొస్తే ఊరుకోదు, మళ్లీ పనిలో పడుద్ది," అనేవాడు. నేను పిన్నిని బతిమాలి ఉంచుకున్నాను.

వసంతం మొదలయ్యాక మేమే ఆమెను తీసుకెళ్లి దించాం. గేటు దాటగానే పిన్ని కారు ఆపమంది. తీగలేవీ కత్తిరించి లేవు. పొడవాటి కొమ్మలు చిక్కుపడి నేల దాకా వేలాడుతూ, ఎక్కడపడితే అక్కడ చిగుర్లు వేస్తున్నాయి. పిన్ని దిగి, ఇంట్లోకి వెళ్లకుండా నేరుగా పైపు దగ్గరికి నడిచింది. వాల్వ్ తిప్పింది. ఇంకాస్త తిప్పింది. వంగి చెవి ఆనించి విన్నది.

"రాదు," అన్నాడు వరండాలో నిలబడ్డ బాబాయి. "అమ్మేశా."

"దేన్ని?"

"నీళ్లు. నేల మనదే."

ఇక్కడ నేల వేరు, నీటి హక్కు వేరు. దేన్నయినా విడిగా అమ్ముకోవచ్చు. తోట ఇద్దరి పేర్లనా ఉంది కానీ, కొన్నప్పటి ఏదో వీసా చిక్కు వల్ల నీటి హక్కు బాబాయి ఒక్కడి పేరునే ఉండిపోయింది. ఆ సంగతి అందరం మర్చిపోయాం. ఆయన మర్చిపోలేదు. నదికి దిగువనున్న పెద్ద బాదంతోటల వాళ్లకు అమ్మేశాడు.

"నా నడుము పనిచేయడం లేదే," అన్నాడు. "ఎన్నాళ్లని ఈ చాకిరీ? పాయింట్ కుక్‌లో ఇల్లు కొన్నా. అమ్మాయి ఇంటికి రెండు వీధులవతల. మనవరాలు దగ్గర్లో ఉంటది, తెలుగువాళ్లుంటారు. అంతా నీకోసమే కదా. నీకు చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు."

"ఒప్పుకోననే కదండీ, అడగాల్సింది," అంది పిన్ని.

గొంతు పెంచలేదు. అప్పుడు ఒక్క క్షణం నా వైపు చూసింది. నాకు కూడా తెలుసేమోనని. "నాకు తెలియదు పిన్నీ," అన్నాను. తల ఊపింది. నమ్మింది కూడా. కానీ ఆ చూపు నాకు మిగిలిపోయింది. ఆమెను దూరంగా ఉంచడానికి ఆయనకు ఒక నెపం కావాల్సి వచ్చింది. నా కాన్పు పనికొచ్చింది. ఆమె నా బిడ్డకు నీళ్లు పోస్తున్న రోజుల్లోనే ఆయన ఆమె నీళ్లు అమ్మాడు.

పిన్ని పాయింట్ కుక్ రాలేదు. ఆ ఇల్లు అద్దెకిచ్చారు. మొదటి ఎండాకాలానికే తోట ఆకు రాల్చింది, రెండో ఎండాకాలానికి చచ్చిపోయింది. ఎండిన మొద్దులు పీకించేద్దామని బాబాయి అంటే, "ఉండనీండి. కొన్నది ఇద్దరం," అంది. వరండాలో కూర్చున్నప్పుడల్లా ఆయన కళ్లెదుట ఆ వరసలు అలాగే నిలబడి ఉండేవి.

ఎదురింటి పెద్దావిడ భర్త పోయి, తోట చూసుకునే దిక్కులేక ఉంది. పిన్ని రోడ్డు దాటి వెళ్లి ఆమె దగ్గర కూలికి కుదిరింది. ఒకరిది ఇటాలియన్ ఇంగ్లీషు, ఇంకొకరిది కనిగిరి ఇంగ్లీషు. ఎలా మాట్లాడుకునేవాళ్లో కానీ భోజనం వేళ ఇద్దరి నవ్వులూ రోడ్డు ఇవతలికి వినిపించేవి. ఇంట్లో వంట మానలేదు, బాబాయికి మందులివ్వడం మానలేదు. ఆయనతో తోట మాట మటుకు మళ్లీ ఎత్తలేదు. బాబాయి నవ్వడం నేను విన్నది అంతకు ముందే.

మా వాళ్లందరికీ బాబాయి చేసింది తెలివైన పని. "మంచి రేటున్నప్పుడు బయటపడ్డాడు," అన్నారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు, "లక్కీ ఆంటీ మీరు, ఇంక రెస్ట్ తీసుకోవచ్చుగా," అంది. పిన్ని పెద్దావిడ తోటలో వేసుకున్న గోంగూర కట్ట ఆమె చేతిలో పెడుతూ, "రెస్ట్ నేను అడగలేదమ్మా," అంది. ఆమె అది జోక్ అనుకుంది.

నా కూతురికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. ఒక సెలవుల్లో అడిగింది. "అమ్మమ్మా, వై డు యు వర్క్ ఓవర్ దేర్? యు హావ్ యువర్ ఓన్ ఫార్మ్."

"మనదానికి దాహంరా," అంది పిన్ని. "ఆవిడదానికి నీళ్లున్నయ్యి."

అంతకు మించి ఆయన మీద ఆమె నోటివెంట ఒక్క మాట నేను వినలేదు. నేనే ఒకసారి ఉండబట్టలేక, మాతో వచ్చేయమన్నాను. "వస్తే ఆయనకు ఏం మిగులుద్ది? ఒక్కడే ఆ మొద్దుల మధ్య," అంది. కోపం లేక కాదు. కోపాన్ని కూడా ఆమె పనిలాగే రోజూ కాస్త కాస్త చేసుకుంటూ పోయింది.

పాయింట్ కుక్‌లో ఆదివారం సంతాప సభ పెట్టాం. చాలామంది వచ్చారు. ఆమె గోంగూర తిన్నవాళ్లు, కోతల్లో పిల్లల్ని తీసుకొచ్చి ఆడించినవాళ్లు. చివర బాబాయి లేచాడు. ఆమె ఎంత కష్టజీవో చెప్పాడు. అప్పుడన్నాడు. "తోట ఇంక చాలు, నీళ్లమ్మేయండి అని ఆవిడే అంది. పిల్లల దగ్గరికి పోదామంది. ఈ వేసవికి వచ్చేద్దామనుకున్నాం."

కుర్చీల్లో అందరూ తలలూపుతున్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పిన్నికి మిగిలింది ఆ ఒక్క 'ఒప్పుకోను' మాత్రమే. అది కూడా ఆయన తీసేసుకుంటున్నాడు.

"లేదు బాబాయ్," అన్నాను. కూర్చునే అన్నాను, కానీ అందరికీ వినిపించింది. "పిన్ని అనలేదు. మీరు అడగలేదు."

బాబాయి నా వైపు చూసి కూర్చున్నాడు. ఎవరో లేచి టీలు ఉన్నాయన్నారు. ఆ తర్వాత బంధువులు కొందరు నాకు ఫోను చేసి, భార్య పోయిన మనిషిని అంతమందిలో అలా అనొచ్చా అన్నారు. పిన్ని గురించి ఎవరూ అడగలేదు.

మరుసటి శనివారం అస్థికలు ముర్రేలో కలపడానికి వెళ్లాం. నేను, మా ఆయన, పాప, ఎదురింటి పెద్దావిడ, బాబాయి. ఒడ్డు దాకా నడుస్తున్నప్పుడు బాబాయి నా పక్కకు వచ్చాడు.

"ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదమ్మాయ్ ఆ మాట," అన్నాడు. "ఎత్తకపోతే ఒప్పుకుందనే అనుకుంటా వచ్చా."

"నిజంగా అలాగే అనుకున్నారా?"

ఆయన ఒడ్డున చెప్పులు వదిలి, ప్యాంటు పైకి మడిచి చల్లటి నీళ్లలోకి దిగాడు. ఆసరాకి మా ఆయన చెయ్యిస్తే వద్దన్నాడు.

అవతలి గట్టు మీద బాదంచెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. కాస్త దిగువన లావుపాటి పైపులు ఒడ్డు మీంచి నదిలోకి దిగి ఉన్నాయి. పైన రేకుల గదిలో పంపు మోగుతోంది. ఎవరిదో నాకు తెలియదు. బాబాయి పాత్ర వంచాడు. బూడిద కాసేపు ఆయన మోకాళ్ల చుట్టూ మసకగా తేలి, తర్వాత ప్రవాహం అందుకుని, సన్నటి చారలా సాగి, పైపులున్న వైపుకే కదిలింది. పెద్దావిడ శిలువ గుర్తు వేసుకుంది. పాప నా చెయ్యి పట్టుకుంది. బాబాయి వెనక్కి తిరగకుండా అక్కడే నిలబడి, ఆ చార పైపుల దాకా పోవడం చూస్తూ ఉన్నాడు.