కరెంటు పోయిన ఇంటర్వ్యూ

చేతికొచ్చిన ఉద్యోగాన్ని నేనే కాలితో తన్నుకున్న వైనం చెబుతాను. కడుపారా నవ్వుకోండి, ఏమీ అనుకోను.

మాది సోలాపూర్, అశోక్ చౌక్ దగ్గర. ముందు గదిలో నాయన మరమగ్గాలు, వెనక గదిలో అమ్మ బీడీల చాట. నా డిగ్రీ అయిన ఏడాది ఓ ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ పడింది.

"నా లెక్క బీడీలు చుట్టొద్దు బిడ్డా, గా నౌకరీ గొట్టాలె!" అంది అమ్మ.

ఇంకేం, మగ్గాల మోతను మించి అరుస్తూ "గో, వెంట్, గాన్" అని బట్టీపట్టాను. ఏది ఎక్కడ వాడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇంటర్వ్యూ చేసింది మరాఠీ హెడ్మాస్టరు.

"సీ?"

"సా, సీన్!"

"ఈట్?"

"ఏట్, ఈటెన్!"

ఆయన మొహం వెలిగిపోయింది. హ్యావ్‌కీ హ్యాడ్‌కీ తేడా చెప్పమన్నారు. సగం చెప్పానో లేదో, కరెంటు పోయింది.

మా పేటలో కరెంటు పోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మనిషన్నవాడు లోపల కూర్చోడు, బయటికొచ్చి చాయ్ తాగుతాడు. పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. లేచాను, చెప్పులేసుకున్నాను, తిన్నగా చాయ్ బండి దగ్గరికి నడిచాను!

అక్కడ బడి ప్యూను కూడా ఉన్నాడు. నీలం నగర్ నేతవాళ్లబ్బాయి.

"అయిపోయిందా అక్కా?"

"ఏడయింది? కరెంట్ రానీ."

కరెంటు వచ్చాక లోపలికెళితే నా కుర్చీలో ఇంకో అమ్మాయి!

"కుఠే గేలీ హోతీస్?" ఎక్కడికెళ్లావని మరాఠీలో గద్దించారు హెడ్మాస్టరు.

"లైట్ గేలీ నా, సర్!" కరెంటు పోయింది కదా అన్నాను, పాపం ఆయనకు తెలియదేమోనని.

ఆర్నెల్లు సాము నేర్చి అరకప్పు చాయ్‌కి ఓడిపోయాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ తల బాదుకుంది. నాయన అమ్మనే గదమాయించాడు.

"కరెంట్ పోతే బయటికి రాక, ఉడుకల గూసుండి ఏం జేస్తది?" నా వైపు తిరిగాడు. "నీది గూడ తప్పే బిడ్డా. గా సారును చాయ్‌కి పిలువకపోతివి!"

ఏడుస్తున్న అమ్మ కూడా ఫక్కున నవ్వేసింది. ఆ మగ్గాల మోతా లేదు, ఆ నాయనా లేడు ఇప్పుడు. తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆనాడే మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కరెంటు పోయినప్పుడు ఒక్కదాన్నే చాయ్‌కి వెళ్లను. ఎదుట ఎంతటి అధికారి కూర్చున్నా సరే, పిలుచుకునే వెళ్తాను.