గోపికల పాటకు రెగ్గేటాన్ తాళం

భక్తుడన్నవాడు నవ్వకూడదని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. భూపాలపల్లిలోని మా భజన మండలిలో గీతాశ్లోకాలు తప్పు లేకుండా చెప్పగల కుర్రవాణ్ణి నేనొక్కణ్ణే (మిగతావాళ్లంతా క్రికెట్‌లో ఉండేవారు). ఆ గర్వంతో, పెళ్లికి పిలిచినా డీజే ఆగాకే వెళ్లేవాణ్ణి. ఆ ఏడు గోకులాష్టమి నాడు డోలక్ కొట్టే అన్నకు బొగ్గుగనిలో డ్యూటీ పడింది. మండలిని నడిపే పెద్దయ్య కొత్తగా కొన్న కీబోర్డును నా ముందు పెట్టి, "తాళం గూడ గిందులనే ఉంటదట. జర చూసుకో. ఊరంత వస్తది, ఇజ్జత్ తియ్యకు" అన్నారు. అంతకుముందు సినిమా బాణీలో హారతి పాడిన ఒకాయనను ఆయన గుమ్మం దాకా సాగనంపారు. మళ్లీ పిలవలేదు. మండలిలో నా చోటు ఉంటుందా ఊడుతుందా అన్నది ఇక ఆ సాయంత్రం మీదే ఆధారపడి ఉంది.

తాళాల మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఒకటి పెళ్లి బ్యాండులా, ఇంకొకటి పోలీసుల కవాతులా మోగింది. 'రెగ్గేటాన్' అన్నది నొక్కగానే మాత్రం, గోపికలు యశోదతో కన్నయ్య మీద చాడీలు చెప్పే మా పాట దానిమీద ఉయ్యాలెక్కినట్టు కూర్చుంది. (ఎవరో విదేశీ విద్వాంసుడి పేరనుకుని మనసులో దండం కూడా పెట్టుకున్నాను.)

పాట మొదలైంది. రెండో చరణానికల్లా గోడకానుకుని కునికే అవ్వలు నిటారుగా కూర్చున్నారు, భుజాలు ఊగుతున్నాయి. హైదరాబాద్‌లో చదివే మా మేనమామ కూతురు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నా వెనక చేరింది. "బావా, గిది ఏం తాళమో ఎరుకేనా? మా కాలేజీల గీ దరువుకే డ్యాన్స్ చేస్తరు. పిల్లగాడు పిల్లను సతాయిస్తడు, పిల్ల నడుము తిప్పుకుంట ఇంకింత సతాయిస్తది. నువ్వేమో ధ్యానంల ఉన్నవ్." వెంటనే ఆపబోయాను. ఆపే మీట ఏదో మరిచిపోయాను. నొక్కినదల్లా వేగం పెంచింది. అవ్వలూ పెంచారు.

హారతి అయ్యాక పెద్దయ్య నేరుగా నా దగ్గరికి వచ్చారు. "ఏం తాళం రా గది?"

నేను కీబోర్డు వైరు చుట్టసాగాను. మరదలే అందుకుంది. "సరసాలాడుకునే తాళం, తాతా."

ఆయన మీసం దువ్వుకున్నారు. "మరి గోపికలు చేసిందేంది? వెన్న పోయిందని నిజంగ ఏడ్సిండ్రా? గా పిల్లగాణ్ణి ఇంకోపారి చూడొచ్చని గద యశోద ఇంటికి పోయిండ్రు. ఇన్నేండ్లు మనమే గా పాటను దినాలకు పాడినట్టు పాడినం." వెళ్లబోతూ వెనక్కి తిరిగారు. "కార్తీకంల శివపూజకు మాత్రం గది పెట్టకు బిడ్డా. ఆయన మొదలే తాండవం మనిషి."

భాగవతం అప్పటికే చదివాను. అందులో నవ్వు ఉందని మాత్రం ఆ రోజే తెలిసింది. తిట్టవలసిన చోట నవ్వించిన ఆ పెద్దాయనకు ఇప్పటికీ రోజూ పూజలో ఒక నమస్కారం పెట్టుకుంటాను. (మరదలికి విడిగా పెట్టనక్కర లేదు, హారతి పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంటుంది.) పెద్దయ్య లేరిప్పుడు, మండలిని నేనే నడుపుతున్నాను. నాకు కాస్త పొట్ట, కాస్త పేరు వచ్చాయి. మండలిలో కుర్రాళ్లు నన్ను చూడగానే నవ్వు ఆపుకుంటారు. ఆపుకోవద్దని చెప్పాలనిపిస్తుంది. గొంతు సవరించుకుంటానో లేదో, పాపం, అందరూ లేచి నిలబడతారు.