ముందు అమ్మినవాడి చెయ్యి

మా అక్క మొగుడు నీళ్లు కాచే హీటర్లు అమ్మేవాడు. మండుటెండల్లో కూడా ఎవరికో ఒకరికి అంటగట్టి వచ్చేవాడంటే మా బావ నోరెలాంటిదో మీరే ఊహించుకోండి.

మొదట్లో ఒక పెద్దాయన కొట్లో పనిచేశాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. హీటరు బిగించే రోజు అమ్మినవాడే ఆ ఇంటికి వెళ్లాలి, ఇంట్లోవాళ్లకంటే ముందు తన చెయ్యి నీళ్లలో పెట్టాలి. "నీ మాట నమ్మి కొన్నారు, ముందు నీ చెయ్యి పెట్టు" అనేవాడు పెద్దాయన. పాడైనా బావకే ఫోను. సణుక్కుంటూనే అన్నం దగ్గర్నుంచి లేచి వెళ్లేవాడు.

తర్వాత ఆ కొట్టును ఒక కంపెనీ కొనేసింది. అమ్మేవాళ్లు వేరు, బిగించేవాళ్లు వేరు, ఫిర్యాదులు వినేవాళ్లు వేరు. అమ్మకం అయ్యాక ఆ ఇంటి గడప తొక్కితే వేరేవాళ్ల పనిలో తలదూర్చినట్టట. బావ ఎగిరి గంతేశాడు. "ఇన్నాళ్లూ గాడిద చాకిరీ చేశాన్రా. ఇప్పుడు అమ్మామా, చేతులు దులుపుకున్నామా, అంతే!" అని మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

అలా కొత్త హీటరు కొన్నవాళ్లలో ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఉంది. బట్టలు కుట్టుకుని బతికేది. ఒకరోజు బావకి ఫోన్ చేసింది.

"బాబూ, కుళాయి ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు చెయ్యి జివ్వుమంటోంది. ఒకసారి వచ్చి చూడవూ?"

"అదిప్పుడు నా పని కాదమ్మా. నంబరు చెప్తా, దానికి చెయ్యండి."

"ఆ నంబరోళ్లు నాకేం తెలుసు నాయనా? నాకు నువ్వే తెలుసు."

బావ నంబరు చెప్పి పెట్టేశాడు. ఫిర్యాదులవాళ్లకీ చెప్పాడు. వాళ్లు బిగించేవాళ్లకి చెప్పారు. అందరూ చెప్పారు, ఎవరూ వెళ్లలేదు. ఆమె కుళాయి పట్టుకునే ప్రాణం విడిచింది.

విచారణలో ఎవరి తప్పూ లేదని తేల్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. బావకి నిద్ర కరువైంది. అన్నం తింటూ తింటూ "ఫోను మోగుతోంది" అని లేచేవాడు. బల్ల మీద ఫోను చప్పుడు లేకుండా పడి ఉండేది. తీసి చూసి, మళ్లీ పెట్టేసేవాడు. అక్క నా దగ్గర ఏడ్చింది. ఆయన నన్ను పదేపదే ఒకటే అడిగేవాడు: "ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేనెవర్ని రా? పెద్దాయన మనిషినా, కంపెనీ మనిషినా?"

చివరికి తను అమ్మిన ఇళ్లన్నీ తిరిగి నీళ్లలో చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టాడు. మేనేజరు పిలిచి, ఇంకొక్క ఇంటికి వెళ్తే ఉద్యోగం ఊడుతుందన్నాడు. పిల్లల చదువులు ఇంకా సగంలోనే ఉన్నాయి. బావ తలూపి వచ్చాడు.

ఆ వారమే పసిబిడ్డ ఉన్న ఇంటికి హీటరు అమ్మాడు. బిగించిన రోజు నన్ను తోడు రమ్మన్నాడు. ఉద్యోగం పోతుందని దారి పొడుగునా తిట్టాను. బావ కుళాయి తిప్పి, కింద చెయ్యి పెట్టాడు. నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. చాలాసేపు చెయ్యి తీయలేదు. "ఇక బిడ్డకి పొయ్యండమ్మా" అన్నాడు.

ఆ తల్లి పొంగిపోయి కంపెనీకి ఫోన్ చేసింది. మీ మనిషి స్వయంగా వచ్చి చూసి వెళ్లాడని తెగ మెచ్చుకుంది. మర్నాడే బావ ఉద్యోగం పోయింది.

లోపల అక్క శాపనార్థాలు పెడుతుంటే ఈయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన చేరాను.

"ఇంకా మోగుతోందా బావా?"

"మోగుతోంది రా."

"మరి?"

"ఇప్పుడు ఎత్తుతున్నా. వస్తున్నానమ్మా, అంటున్నా."