బెత్తెడు దిగిన బండి

మొన్న పెబ్బేరులో ఆత్మకూరు బస్సు కోసం నిలబడి ఉంటే, నేలకు రాసుకుంటున్నట్టున్న చిన్న ట్రాలీ బండి ఒకటి పాటలు మోగించుకుంటూ పోయింది. స్పీడ్ బ్రేకర్ మీద దాని పొట్ట గీసుకున్న చప్పుడుకు పక్కనున్న కుర్రాళ్లు మురిసిపోయి, ఇరుసు మీద బరువు మోసే ఉక్కు కమాన్ పట్టీలు తీయించి కిందికి దించితేనే బండికి అందమని చెప్పుకున్నారు. అందమట. నాకు ఒళ్లు మండింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు వరుసగా మొహం చాటేసిన ఆ రోజుల్లో, మా అన్న అలాంటి ట్రాలీయే నడిపేవాడు. గడ్డివాము అడుగు కనబడుతోంది, ఎద్దుల్ని పెబ్బేరు సంతలో అమ్మేద్దామని అన్న. తన కంఠంలో ప్రాణముండగా కాదని నాయన. "గడ్డి ఏడికెల్లి తేవాలె నాయనా, అవి మన కండ్ల ముంగట సావాల్నా?" అనేవాడు అన్న. అదీ నిజమే.

ఎర్రెద్దు కాలు కుంటుతోంది గనుక సంతదాకా నడిపించే వీలు లేదు. అన్న బండిని పొలం గట్టుకు ఆనించి పెడితే, బండి గట్టుకన్నా బెత్తెడు ఎత్తుగా ఉండి, రెండు ఎద్దులూ కాళ్లు నిగడదన్ని నిలబడ్డాయి. అన్న కట్టె ఎత్తాడు. నాయన చేయి అడ్డం పెట్టి, "అవ్వే పోము అంటున్నయ్, నీకేంది తొందర? ఎక్కిన నాడు తీస్కపో, నేను అడ్డమొస్తె అడుగు" అన్నాడు, గెలిచినవాడిలా.

మా అన్న మొండివాడు, ఆ పోలిక నాయనదే. బండిని గద్వాల తీసుకెళ్లి, బరువేస్తే కూలబడుతుందని మిస్త్రీ చెప్పినా వినకుండా, వెనక కమాన్ కట్టల్లోంచి రెండేసి పట్టీలు తీయించుకొచ్చాడు. నాయన దాన్ని చూసి నవ్వాడు. సంతనాడు పొద్దున్నే అమ్మతో, "కుడితి కలిపి పెట్టు, జర సేపట్ల మర్లొస్తయి. అవి నా ఎద్దులు, ఎక్కవు" అన్నాడు.

బండి ఈసారి గట్టుతో సమంగా ఉంది. కట్టె అవసరమే రాలేదు. అన్న పలుపులు పట్టుకుని ముందు నడిస్తే, కొట్టంలోకి పోతున్నట్టే రెండూ ఒకదాని వెనక ఒకటి ఎక్కి నిలబడ్డాయి. మాటిచ్చిన మనిషి కదా, నాయన అడ్డం రాలేదు. ఎర్రెద్దు తల తిప్పి ఆయన కోసం చూసింది, ఆయనే దాన్ని చూడలేకపోయాడు. "ఎక్కినయ్ గద, ఇగ పో" అన్నాడు అన్నతో. కుంటి ఎద్దును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మీకు వేరే చెప్పాలా?

సాయంత్రం అమ్మ కుడితి పారబోయబోతే నాయన పోయనివ్వలేదు. అది పులిసి వాసనొచ్చేదాకా ఆ తొట్టి దగ్గరే కూర్చున్నాడు. అన్నతో మళ్లీ మనసిచ్చి మాట్లాడిందీ లేదు.

ఇప్పుడు మా పొలం ట్రాక్టరు దున్నుతోంది, కొట్టంలో మోటరు సైకిళ్లు పెట్టుకుంటున్నారు. అందం కోసం బండ్లు దించుకునే కాలం వచ్చింది, సంతోషమే. నాకు మాత్రం నేలకు దగ్గరగా పోయే బండి కనబడితే, ఏ ఇంట్లోనో ఎవరో కుడితి కలిపి పెట్టుకుని ఎదురుచూస్తున్నారేమో అనిపిస్తుంది.