కోదాడకు రెండో దారి

మిర్యాలగూడలో మా కొత్త ఆఫీసు గది తలుపు తీయగానే వేడెక్కిన రూటర్ల వాసన, ఫ్యాన్ల హోరు మీదికొచ్చాయి. ఆ గాలి తగిలితే చాలు, లక్పతి నాయక్ సార్ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. పెన్‌పహాడ్ దగ్గరి తండాలో పుట్టిన మనిషి. హుజూర్‌నగర్ నుంచి వచ్చి సూర్యాపేటలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరిన నాకు ఆయనే పెద్ద, ఆయనే గురువు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మా నెట్‌వర్క్‌లో ఒక త్రికోణం. ప్రతి రూటరూ పక్క ఊరి రూటర్‌కు పది సెకన్లకోసారి ‘హలో’ అంటుంది. నలభై సెకన్లు ఆ హలో వినబడకపోతే దారి తెగిందని తేల్చుకొని, లెక్క వేసుకొని ఇంకో దారి పడుతుంది. అప్పుడు కోదాడ కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షలు దగ్గరపడ్డాయి. రోడ్డు తవ్వకాల్లో, సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్లే మా ఫైబర్ తీగ ఎప్పుడు తెగుతుందో తెలియదు. నలభై సెకన్లు ఆగితే విద్యార్థులంతా పరీక్షలోంచి బయటపడతారు.

నాకు ఆత్రం ఎక్కువ. సార్ కోదాడ వెళ్లిన రోజు, ఎవరికీ చెప్పకుండా అన్ని దారుల మీదా హలోను సెకనుకొకటి చేసి, మూడు సెకన్లు వినబడకపోతే దారి మారేలా పెట్టాను. మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. కోదాడ, మిర్యాలగూడల మధ్య మాకున్నది టవర్ మీది వైర్‌లెస్ దారి. గాలికి హలోలు రాలిపోతుంటే, దారి పోయిందని ఒకసారి, వచ్చిందని ఒకసారి రూటర్లన్నీ లెక్కలు వేసి వేసి అలసిపోయాయి. మూడు ఊళ్లలోనూ ఇంటర్నెట్ ఆగిపోయింది.

యజమాని నన్నూ సార్‌నూ ఒకే ఫోన్‌లో కలిపాడు. “ఎవరు ముట్టుకున్నరు నాయక్?” అన్నాడు.

“నేనే మార్పిచ్చిన. గంటల సక్కగ చేస్త,” అన్నారు సార్. మార్పుల జాబితాలో నా పేరు ఆయన అప్పటికే చూశారు.

యజమాని ఫోన్ పెట్టేశాక నేను ఏడ్చాను. “ఊకో అమ్మా. నీ ఆలోచన మంచిదే. గని ఒకడు దగ్గితె తండ మొత్తం దవాఖానకు ఉరుకుతదా? ఫైబర్ కాడ తొందర ఉండాలె. టవర్ కాడ జర ఓపిక ఉండాలె. చెప్పకుంట చేసినవ్ సూడు, గదొక్కటే తప్పు,” అన్నారు.

మర్నాడు ఇద్దరం కూర్చొని మళ్లీ సరిచేశాం. ఫైబర్ మీద మూడు సెకన్లు ఉంచాం. వైర్‌లెస్‌కు పాత గడువే ఇచ్చాం. దారి మొదటిసారి పోతే వెంటనే లెక్క, మళ్లీ మళ్లీ పోతుంటే లెక్కకు లెక్కకు మధ్య ఎడం పెరగాలి. తర్వాత ఆయన కోదాడ నుంచి వీడియో కాల్ చేశారు. సూర్యాపేటలో, కోదాడకు వెళ్లే ఫైబర్ తీగ నా చేతిలో ఉంది.

“ఇగ పీకు!”

పీకాను. సార్ ముఖం తెర మీద నోరు తెరిచి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... “...వినబడుతున్నదా?” అంటూ కదిలింది! ఆ మాట మిర్యాలగూడ చుట్టి వచ్చిన మాట! నేను కుర్చీలోంచి లేచి గెంతాను. అవతల ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

పరీక్షల రెండో రోజు ఫైబర్ నిజంగానే తెగింది. వెంటనే కాలేజీకి ఫోన్ చేశాను. “బానే జరుగుతోందండీ. ఏం, ఎందుకు?” అన్నారు ఫోన్ ఎత్తిన మేడం. ఎందుకో ఆమెకు చెప్పలేక, సార్ వైపు తిరిగి నవ్వుతూనే ఉండిపోయాను.

నిరుడు ఆయన ఉద్యోగ విరమణ చేశారు. ఆ గాలిరోజు నుంచి నేను చేసే ప్రతి మార్పునూ ముందు పక్కవాళ్లకు చెప్పి, నోటుబుక్కులో రాసుకుంటున్నాను. చెడిపోయినవీ అందులో ఉన్నాయి, నా పేరుతోనే. ఎవరైనా కొత్తగా ఉద్యోగంలో చేరితే మొదట ఆ పేజీలే తెరిచి చూపిస్తాను.