మైకు మూయని పెద్దాయన

మా టీములో అందరికంటే పెద్దాయన. కరోనాకి సింగపూర్‌లోని మా చాంగీ ఆఫీసు మూతపడి అందరం ఇళ్ల నుంచి పనిచేస్తున్న రోజుల్లో సెంగ్‌కాంగ్‌లో ఒంటరిగా ఉండేవారు. పొద్దున్నే కాల్‌లోకి వచ్చి, మైకు మూయకుండా వంట చేసుకునేవారు. కుక్కరు కూతలు, పోపు చిటపటలు మా అందరి చెవుల్లో పడేవి. ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిచి మైకు సంగతి చెప్పేవారు.

"సారీ, సారీ. ఇవాళ బీరకాయండీ," అని నవ్వి మూసేవారు.

మీటింగు నడిపేది నేను కాబట్టి ఎవరి మైకైనా మూసే వీలు నాకుండేది. రోజంతా కాల్స్‌తో విసిగిపోయి, చెప్పడం మానేసి, ఆయన మైకు నేనే నొక్కేయడం మొదలుపెట్టాను. నాలుగో రోజు ఫోన్ చేశారు.

"ఏమనుకోకమ్మా. నువ్వు మూసేయకు, నోటితో చెప్పు. రోజు మొత్తంలో నన్ను పేరుపెట్టి పిలిచేది ఆ ఒక్కసారే."

సరేనన్నాను. రెండు రోజులు పిలిచాను. మూడో రోజు ఓపిక లేక మళ్లీ నొక్కేశాను. కొన్నాళ్లకు ఆయన కాంట్రాక్టు అయిపోయి, వెళ్లిపోయారు.

ఇప్పుడు పుంగ్గోల్ ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. టీము కూడా మారింది. నిన్న కాల్ మధ్యలో కావాలనే మైకు తెరిచి పెట్టి, గిన్నెలు కడుగుతూ ఎదురుచూశాను.

మాటా పలుకూ లేకుండా ఎవరో నా మైకు నొక్కేశారు.